పూచీ

పరీక్ష మొదలై అరగంట కాకముందే పెలెనాటో మూడోసారి లుంగీ అంచు పైకి మడిచాడు.

"ఏమిట్రా అది?" అన్నాడు లెక్కల మాస్టారు ఫోవా.

"దోమ సార్."

మాస్టారు హాలంతా చూశాడు. పదకొండు మంది పిల్లలూ తలలు వంచి తమ మోకాళ్ల వైపే చూస్తున్నారు.

"అందరినీ ఒకే దోమ కుడుతోందా? లేవండి."

లేచారు. మగపిల్లల లుంగీల లోపల, ఆడపిల్లల పావడాల లోపల, నీలం పెన్నుతో జవాబులు. ప్రశ్నపత్రం వారం ముందే పెలెనాటో ఫోన్లోకి వచ్చింది.

టౌసాలా చేతులు జోడించింది. "సార్, ఈ పరీక్ష పోతే నాకు ఆపియా పట్నంలో ఉద్యోగం రాదు. టారో దుంపల తోటలోనే చావాలి. చూడనట్టు ఉండండి సార్."

"చూశానే అమ్మా" అన్నాడు మాస్టారు.

హెడ్మాస్టారు పరుగున వచ్చాడు. "ఆ రిపోర్టు మడిచి లోపల పెట్టండి మాస్టారూ. మీరు టోకెలావ్ దీవుల నుంచి వచ్చి రెండేళ్లయింది, ఈ ఊరి పద్ధతి తెలియదా? అందరూ ఒకరికొకరు చుట్టాలు."

"రేపు ఆస్పత్రిలో మందు కొలిచేది వీళ్లే, పడవలో బరువు కట్టేది వీళ్లే. రానివాళ్లకి వచ్చని నేనెలా సంతకం పెట్టను?"

రిపోర్టు ఆపియాలోని పరీక్షల ఆఫీసుకి వెళ్లింది. నాలుగో రోజుకే జవాబు వచ్చింది. పదకొండు మందికీ ఈ ఏడాదీ, వచ్చే ఏడాదీ పరీక్ష లేదు.

నష్టం వచ్చినప్పుడు దాన్ని ఎవరి నెత్తిన వెయ్యాలా అని మనుషులు ముందు చూసుకుంటారు. పరాయి ఊరివాడు దొరికితే పని తేలిక.

సాయంత్రం మాస్టారి రేకుల గది మీద రాళ్లు పడ్డాయి.

టౌసాలా రాయి వెయ్యలేదు. గుమ్మం దాకా వెళ్లి అరిచింది. "మా అన్నలిద్దరూ పరీక్ష తప్పారు, ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. నా బతుకు తగలబెట్టి నువ్వేం బావుకున్నావు?"

మాస్టారు చొక్కాలు మడిచి సంచిలో పెడుతున్నాడు. నుదుటి మీద రాయి తగిలిన చోట రక్తం.

మర్నాడు తొలి పడవకే వెళ్లిపోయాడు.

"పీడ విరగడైంది" అన్నాడు పెలెనాటో.

"పరీక్ష తిరిగొచ్చిందట్రా?" అని వాళ్ల నానమ్మ కసిరింది. "తప్పు చేసింది మీరు. మీ తరఫున ఎవరైనా వెళ్లి, తల మీంచి చాప కప్పుకుని ఆ పరీక్షల అధికారి వాకిట్లో కూర్చోవాలి. అలా ఇఫోంగా చేసి క్షమాపణ అడగాలి. మనసు కరిగితే ఆయన చాప తీస్తాడు. కరక్కపోతే తన్నినా పడుండాలి. మీ మొహాలకి అంత పని ఎవడు చేస్తాడు?"

ఎవరూ ముందుకు రాలేదు. ఒకడికి నడుం నొప్పి. ఒకడికి కోకో గింజలు ఎండబెట్టే పని. ఊరిపెద్ద టుయిలోమా కూతుర్ని చూడాలని ఆపియా వెళ్లి ఉన్నాడు.

వారం తిరక్కుండా రేవు నుంచి వచ్చే బస్సు డ్రైవరు కబురు తెచ్చాడు. "మీ పిల్లల కోసం ఒకాయన పరీక్షల అధికారి వాకిట్లో తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా చాప కింద కూర్చున్నాడట. అధికారి చాప తీశాడట. వచ్చే నెల మళ్లీ పరీక్ష!"

ఆ బస్సులోంచే టుయిలోమా దిగాడు. ఊరు ఊరంతా ఆయన కాళ్ల మీద పడింది.

"నేనేం చేశాను?" అన్నాడాయన.

"ఎంత పెద్ద మనసో చూడండి! చేసింది చెప్పుకోడు" అన్నారు. పంది కోశారు, టారో ఉడికించారు. మంచి ముక్క ఆయన ముందు పెట్టారు. ఆయన రెండోసారి ఆ మాట అనలేదు.

పరీక్షకు కొత్తాయన వచ్చాడు. పేపర్లు పంచి, వరండాలో కూర్చుని ఫోను చూసుకున్నాడు.

"దోమలొచ్చాయే" అని గొణిగాడు పెలెనాటో.

టౌసాలా నవ్వు ఆపుకుని పావడా అంచు మడిచింది.

పదకొండు మందీ పాసయ్యారు.

టౌసాలాకి ఆపియాలో ఆ పరీక్షల ఆఫీసులోనే గుమాస్తా పని దొరికింది. చేరిన మూడో నెల పెలెనాటో ఫోన్ చేశాడు.

"ఆ చాడీకోరు ఫోవా పోయాడటే. ఊపిరితిత్తుల జబ్బట. ఇక్కణ్ణుంచి వెళ్లాక మళ్లీ కోలుకోలేదట."

"పోతే పోనీ" అని ఫోన్ పెట్టేసింది.

ఆ శుక్రవారం పెద్ద అధికారి పదవీ విరమణ. టీ ఇవ్వడానికి వెళ్లిన టౌసాలాని ఊరేదని అడిగాడు. చెప్పింది.

"ఆ పదకొండు మందిలో నువ్వూ ఉన్నావా?" అని ముఖంలోకి చూశాడు. "నా పాతికేళ్ల ఉద్యోగంలో అలాంటి రోజు ఇంకోటి లేదు. పొద్దుటినించి ఒకటే వాన. ఆయన నెత్తిన ఉన్నది ఇఫోంగాకి వాడే మేలు చాప కూడా కాదు, చిరుగుల పడక చాప. 'మళ్లీ ఎన్నడూ కాపీ కొట్టరు, పూచీ నాది' అన్నాడు. ఆ మాట నమ్మే మిమ్మల్ని రానిచ్చాను. నిలబెట్టారు కదా?"

టౌసాలా కప్పు బల్ల మీద పెట్టింది. "మా ఊరిపెద్ద టుయిలోమా చాలా మంచివారు సార్" అంది ఎలాగో.

"టుయిలోమా ఎవరు?" అన్నాడు అధికారి. "నేను చాప తీసి చూస్తే కింద కూర్చున్నది, మీ మీద రిపోర్టు రాసిన ఆ లెక్కల మాస్టారమ్మా."