ఎనిమిదో ఈక

"ఇది ఎక్కడ కొన్నావు బాబూ?"

కాబోయే మామగారి మొదటి ప్రశ్న అది. పేరడగలేదు, ఉద్యోగమడగలేదు. కుర్చీ చూపించాడు గానీ కూర్చోనివ్వలేదు.

మామూలు చొక్కా వేసుకు రమ్మని అమ్మాయి లక్షసార్లు చెప్పింది. లిఫ్టు మెకానిక్ వింటేనా? వాళ్ళ నాన్నకి గద్ద గుర్తు ఫుట్‌బాల్ టీమంటే ప్రాణమని ఆమె ఎప్పుడో ఒక మాట అంది. అదే పట్టుకుని, ఆ టీము జెర్సీని ఇస్త్రీ చేయించుకుని మరీ పెళ్ళి మాటలకు దిగాడు. నాన్న సరేనంటేనే పెళ్ళని ఆమె ముందే తేల్చేసింది. జెర్సీ చూస్తే పెద్దాయన కరిగిపోతాడని అతని ధీమా.

"క్లబ్బు షాపులోనేనండీ. ఒరిజినల్."

"ఒరిజినలా?"

పెద్దాయన కళ్ళజోడు తగిలించుకుని దగ్గరికొచ్చాడు. ఛాతీ మీది గద్దను వేలితో తడిమాడు. చంక కింద కుట్టు లాగి చూశాడు. అతన్ని వెనక్కి తిప్పి, వీపు మీది పదో నంబరు అంచును గోటితో గీకాడు. మెకానిక్ చేతులెత్తి నిలబడ్డాడు, పోలీసులకు దొరికిపోయినవాడిలా.

"ఒరిజినల్ గద్దకి రెక్కకి ఏడు ఈకలు. నీ గద్దకి ఎనిమిది."

మెకానిక్ ఎత్తిన చేతులు దించేశాడు. అమ్మాయి వైపు చూశాడు. ఆమె తల వంచుకుని నేలచూపులు చూస్తోంది. ఇక దాచి లాభం లేదు.

"తప్పయిపోయిందండీ. స్టేడియం గేటు బయట తోపుడుబండి మీద కొన్నాను. అబద్ధం చెప్పాలనుకోలేదు. మిమ్మల్ని చూసేసరికి నోటికి అదే వచ్చింది."

పెద్దాయన ముఖంలో కోపమూ లేదు, నవ్వూ లేదు.

"కొని ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళండీ."

"రంగు దిగిందా?"

"లేదండీ."

"నంబరు ఊడిందా? నిజం చెప్పు."

"అంచు కూడా లేవలేదండీ. మా అన్నయ్య ఒరిజినల్ కొన్నాడు. మూడో ఉతుక్కే పదిలో ఒకటి రాలిపోయింది. అప్పట్నుంచీ వాడు సున్నా నంబరు ఆటగాడు."

అమ్మాయి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని మెకానిక్ ప్రాణం ఉసూరుమంది.

"మరి ఈ ఏడాది కొత్త డిజైను వచ్చిందిగా, అది కొనలేదేం?"

"అది గద్దాండీ? ఈకలన్నీ పీకేసి నున్నగా గీశారు. కోడిపిల్లలా ఉంది." అభిమాని కదా, ఎక్కడున్నాడో మరిచిపోయి గొంతు పెంచాడు. "ఆ చారలొకటి. చొక్కా తడిసి ముడుచుకుపోయినట్టు అన్నీ వంకర్లే. పాత గద్ద బయట దొరికినన్నాళ్ళూ నాకు ఇదే చాలు."

"అయితే దీంట్లో లోపమే లేదంటావు."

మెకానిక్ ఆగాడు. ఎలాగూ సంబంధం చెడిపోయింది. పోతూ పోతూ ఒక్క నిజమైనా చెప్పి పోదామనుకున్నాడు.

"ఉందండీ. కాలర్ గుచ్చుకుంటుంది. చెమట పట్టిందంటే మెడంతా ఒకటే దురద. ఆట చూడాలో గోక్కోవాలో తెలీదు."

మెకానిక్ గుమ్మం వైపు చూశాడు. పెద్దాయన నిదానంగా కళ్ళజోడు తీసి, వంటింట్లో ఉన్న భార్యకు వినబడేలా కేకేశాడు.

"ఏమేవ్, కాలర్ లోపల మెత్తటి గుడ్డ వేద్దామంటే దండగన్నావు, ఇప్పుడు చూడు, మన మిషన్ల మీద కుట్టిన జెర్సీ వేసుకుని అల్లుడే ఫిర్యాదు చేస్తున్నాడు."