ఆరో రాయి

ఐదు రాళ్ళూ ఒకే మాట చెప్పాయి. ఇక ఆరోది నోరు విప్పాలి.

రాళ్ళ డాక్టరమ్మ కంప్యూటర్ ముందు నుంచి లేవడం లేదు. రాళ్ళకు వయసు కట్టే ఆ ల్యాబులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె వెనకాల సహాయ శిబిరాల అధికారి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. గోడ గడియారంలో మూడు దాటింది. సాయంత్రంలోగా కాగితం మీద సంతకం కావాలని పొద్దుటి నుంచి ఆయనది ఒకటే పాట.

సంగతి చిన్నదేం కాదు. కొండ కింద ఊరు ఇరవై మూడు రోజులుగా ఖాళీగా పడి ఉంది. నేల అప్పుడప్పుడు వణుకుతోందని పన్నెండు వేల మందిని డేరాల్లోకి తరలించారు. అది ఒకప్పుడు నిప్పులు కక్కిన కొండేనని అందరికీ తెలుసు. చచ్చిందా, నిద్రపోతోందా అన్నదే తెలియదు. పైన గడ్డకట్టిన రాళ్ళు లక్షల ఏళ్ళ నాటివైతే కొండ చచ్చినట్టే లెక్క, జనం ఇళ్ళకు పోవచ్చు. నిన్నమొన్నటివైతే ఆ ఊరి మీద ఆశ వదులుకోవలసిందే.

ఆ పన్నెండు వేల మందిలో డాక్టరమ్మ సొంత అక్క, బావ, వాళ్ళ ముగ్గురు పిల్లలు ఉన్నారు.

“డేరాల్లో మోకాలిలోతు నీళ్ళు మేడమ్,” అన్నాడు అధికారి. “నిన్నటికి నూట నలభై మందికి జ్వరాలు. ఐదు రాళ్ళు చెప్పింది చాలదా?”

“చాలదు.”

“మూడు లక్షల ఏళ్ళని మీరే అన్నారు కదా?”

“ఇరవై వేలు అటూ ఇటూ.”

“ఇరవై వేల ఏళ్ళు అటూ ఇటూనా! మా ఆఫీసులో ఫైలు కూడా అంతకంటే త్వరగా కదులుతుందండీ.”

ఇంకో రోజయితే ఆమె పకపకా నవ్వేది. ఈ రోజు నవ్వు రాలేదు.

కరిగి పారేటప్పుడు రాతిలోని గ్యాసంతా ఎగిరిపోతుంది. గడ్డకట్టాక లోపల మళ్ళీ కొద్దికొద్దిగా పుట్టి పోగవుతుంది. ఎంత పోగైందో కొలిస్తే అదే రాతి వయసు. లెక్క పక్కానే. కానీ పాత గ్యాసు పూర్తిగా పోకపోయినా, యంత్రంలోకి బయటి గాలి ఇసుమంత దూరినా, నిన్నటి రాయి కూడా ముసలి వేషం వేస్తుంది. ఆ భయమే ఆమెను మూడు రోజులుగా తిననివ్వడం లేదు.

‘తప్పే అయితే ఒక్కో రాయి ఒక్కోలా అబద్ధమాడాలి. ఐదూ కూడబలుక్కున్నట్టు ఒకేలా ఎందుకు చెబుతాయి?’ అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

రాళ్ళు పంపింది ఆమె భర్తే. ఆయన ఇప్పటికీ కొండ మీదే ఉన్నాడు. పొట్లాల మీద అంకెలు తప్ప ఇంకేం రాయడు. ఏ రాయి ఎక్కడిదో ముందే తెలిస్తే కొలిచేవాళ్ళ మనసు అటే మొగ్గుతుందని ఆయన పట్టుదల. పెళ్ళామని కూడా చూడడు. ముందు వయసు పుస్తకంలో ఎక్కాలి, తరవాత ఆయన ఫోనులో చిరునామా చెప్పాలి, ఆఖరున సంతకం. పదకొండేళ్ళ కాపురంలో వాళ్ళు బోలెడన్నిసార్లు పోట్లాడుకున్నారు గానీ, ఈ వరుస మాత్రం ఒక్కసారీ తప్పలేదు.

యంత్రం గుర్రుమంది. తెర మీద గీత కదిలింది.

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆరో రాయి మిగతావాటికన్నా నల్లగా, నిగనిగలాడుతూ ఉండటం పొద్దున్నే గమనించింది. దీని మాట తేడాగా ఉంటే అక్కకు ఇల్లు లేనట్టే.

అంకె పడింది. మూడు లక్షల నాలుగు వేలు.

ఆమెకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అంకెను పుస్తకంలో ఎక్కించి, భర్తకు ఫోన్ చేసింది. అందలేదు. మళ్ళీ చేసింది. మూడోసారీ అంతే.

“ఆరుగురు సాక్షులు ఒకే మాట చెబితే ఏ కోర్టయినా తీర్పు ఇచ్చేస్తుంది మేడమ్,” అంటూ అధికారి పెన్ను మూత తీసి ఇచ్చాడు. “బస్సులు ఇంజన్లు ఆన్ చేసుకుని ఉన్నాయి. ఇంకో గంట ఆగితే వాన మొదలవుతుంది.”

ఆమె కిటికీలోంచి మబ్బును చూసింది. జ్వరంతో మూలుగుతున్న అక్క చిన్న కూతురు గుర్తొచ్చింది. ఆరింటికి ఆరూ కలిశాయి, ఇక చిరునామాలతో పనేముంది? సంతకం పెట్టేసింది.

అరగంటకు అక్క ఫోన్ చేసింది. బస్సు హారన్లు, పిల్లల కేరింతలు, వాటి మధ్య అక్క గొంతు.

“నీ నోట్లో పంచదార పొయ్య! మొదటి బస్సు మాదే. కొండ మలుపు తిరిగాం.”

“పిల్ల జాగ్రత్త అక్కా,” అంది డాక్టరమ్మ. ఇరవై మూడు రోజుల తరవాత కుర్చీలో హాయిగా వెనక్కి వాలింది.

అప్పుడు వచ్చింది భర్త నుంచి ఫోను.

“ఆరోది ఎంతొచ్చింది?” పలకరింపు లేదు, ఏమీ లేదు.

“మూడు లక్షలు. అచ్చం మిగతా ఐదింటిలాగే!”

అవతల గాలి హోరులో ఆయన గొంతు పెంచాడు.

“సంతకం పెట్టలేదు కదూ?”

“పెట్టేశానండీ, మీరు దొరకలేదు. బస్సులు ఊళ్ళోకి వెళ్ళిపోతున్నాయి. ఏమైంది? కొండ మీద ఏ వైపుది ఆ రాయి?”

“అది ఆ కొండది కాదే, మన పెళ్ళైన ఏడాది ఇంకో కొండ నిప్పులు కక్కుతుంటే, ఎర్రగా పారుతున్నదాన్ని నేనే పారతో ఎత్తి బకెట్ నీళ్ళలో ముంచాను.”