గూఢచారి దగ్గు

నాన్న పోయినప్పుడు నేను ఏడవలేదని పిన్నికి ఇంకా కోపమే. "చదువుకున్న పిల్ల కదా, కన్నీళ్లు కూడా పొదుపే," అని పరామర్శకు వచ్చినవాళ్లందరి ముందూ అంటుంది. నాకు రాతిగుండె అని ఇంట్లో అందరూ తేల్చేసుకున్నారు.

రేడియో స్టేషన్లో పాత టేపులు బాగుచేసి మళ్లీ ప్రసారానికి ఇవ్వడం నా పని. ఇవాళ వచ్చింది ఒక గూఢచారి నాటకం. ఫార్ములా కోసం గూఢచారి ఒక శాస్త్రవేత్త ప్రయోగశాలలోకి దొంగలా దూరుతాడు. మెత్తని అడుగులు, గాజు గొట్టాల గలగల, అంతలో సన్నగా ఒక దగ్గు.

"దొంగతనానికొచ్చి దగ్గేవాడు ఏం గూఢచారి అమ్మాయ్? అది కోసెయ్," అన్నారు పక్కనే వింటున్న మా ఆఫీసరు సార్.

టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మళ్లీ తిప్పాను.

"ఎన్నిసార్లు వింటావ్? చేతకాకపోతే చెప్పు, రేపట్నుంచి ఇంకొకర్ని పెట్టుకుంటా."

నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా కళ్లు కనబడతాయి.

ఆ అడుగులు నటుడివి కావు. స్టూడియో మూలన చెప్పులతో, సీసాలతో ఆ చప్పుళ్లు పుట్టించినాయన జీవితమంతా మైకు ముందు ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం దగ్గు ఆపుకోలేకపోయాడు. ఆయన మా నాన్న. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

ఆ ముక్క కోసి ఇంటికి పట్టుకుపోదామా అనుకున్నాను. కానీ ఆయన పనిచేసింది ఆ నాటకంలో, ఆ దగ్గు ఉండాల్సిందీ అక్కడే.

టేపు కోసే బ్లేడు డ్రాయర్లో పడేసి, టేపు ప్రసారానికి పంపించాను. దగ్గు తీయలేదు.