ఒడ్డున ఒకడు

"దండం ఎట్టనోడికి తువ్వాలివ్వను" అనేశాడు నరసింగరావు.

రేవు పెద్ద నోట వచ్చిన మాట. ఇక తిరుగులేదు.

సముద్రం మీంచి వచ్చే బోటుకు కెరటాల వీపులే కనిపిస్తాయి. ఏది ఎక్కడ విరుగుతుందో, సందు ఎప్పుడు దొరుకుతుందో ఒడ్డున ఉన్నవాడికే తెలుస్తుంది. అందుకని ఒకడు నిలబడి చూసి ఎర్ర తువ్వాలు ఊపుతాడు. ఊపితే రావాలి, లేదంటే ఆగాలి.

ఊపబోయే ముందు కళ్లు మూసుకుని గంగమ్మకు దండం పెట్టుకోవడం ఆ రేవు ఆచారం.

ఇన్నాళ్లూ ఊపిన ముసలాయనకు చూపు మందగించింది. నేనూపుతానని ముందుకొచ్చినవాడేమో ఆ ఊరివాడు కాడు.

పేరు ఎర్రన్న. అరవై దాటి ఉంటాయి. మూడు వారాల కిందట కోటబొమ్మాళిలో రైలు దిగి వచ్చాడు. పొద్దంతా గున్నమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుని కెరటాలు చూస్తాడు. దేవుడి గురించి అడిగితే "ఏటీ నేదు" అంటాడు. పాపం, పుణ్యం, బతుక్కి అర్థం, ఏది అడిగినా అదే జవాబు. ఊరివాళ్లు ఊరుకుంటారా, 'ఏటీనేదు' అని పేరు పెట్టేశారు.

"పాపం నేదన్నోడికి బయ్యం ఉండదు. బయ్యం నేనోడి సేతిలో మన పేణాలెట్టమంతావేటి?" అన్నాడు నరసింగరావు గున్నమ్మతో.

ఆమెకూ నిజమే అనిపించింది. కొడుకు లక్ష్ముడు రోజూ బోటు మీద వెళ్లేవాడే కదా. అయితే ఆ ఏటీనేదు, ఎవరూ అడక్కుండానే ఆమె ఎంగిలి గ్లాసులన్నీ కడిగి పెట్టేవాడు. అదెందుకో మాత్రం ఆమెకు అంతుపట్టేది కాదు.

చివరికి తువ్వాలు నరసింగరావే పట్టుకున్నాడు.

నాలుగో రోజు తుఫాను కబురొచ్చింది. ఒక్కటి తప్ప బోట్లన్నీ తిరిగొచ్చేశాయి. మధ్యాహ్నానికి అదీ కనిపించింది. అందులో లక్ష్ముడు, ఇంకో అయిదుగురు. ఇంజను ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఎక్కువసేపు నిలవదని చూసినవాళ్లందరికీ తెలుసు. గున్నమ్మ కొట్టు వదిలేసి ఒడ్డుకు వచ్చేసింది.

పెద్ద కెరటం విరిగింది. ఇంకొకటి విరిగింది. నరసింగరావు తువ్వాలు భుజాన వేసుకుని, కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించాడు.

సందు అప్పుడే వచ్చింది.

ఎర్రన్న ఆ భుజం మీది తువ్వాలు లాక్కుని నడుం లోతు నీళ్లలోకి పరుగెత్తాడు. ఊపాడు. దండం మధ్యలో ఇదేం అపచారమని జనం తిట్టారు. ఒకడైతే రాయి కూడా తీశాడు. ఎర్రన్న వెనక్కి తిరగలేదు, రెప్ప వెయ్యలేదు.

బోటు కదిలింది. రెండు కెరటాల నడుమ ఆ కాస్త చదును నీటిలోంచి దూసుకొచ్చి ఇసుక ఎక్కింది. దాని వెనకే తాటిచెట్టంత కెరటం లేచి విరిగింది.

గున్నమ్మ దిగినవాళ్లను లెక్కపెట్టింది. ఆరుగురు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ ఆరుగురే. ఏడుస్తూనే నవ్వేసింది.

ఈలలు, కేకలు. ఎవరో డప్పు తెచ్చారు. రాయి తీసినవాడే ఎర్రన్నను భుజాలకెత్తుకుని రేవంతా తిప్పాడు. ఆ వానలో అంత సంబరం ఆ ఊరు ఏ పండక్కీ చూడలేదు.

కిందికి దించాక నరసింగరావు దగ్గరికొచ్చాడు.

"దేముడు నేడంతావు. పాపం నేదంతావు. మరెందుకు నీల్లలోకి దిగినావు బావా?"

"పైనెవులూ నేరు గదా. ఒడ్డు మీదైనా ఒకడుండొద్దేటి?"

నరసింగరావు ఇసుకలో పడి ఉన్న తువ్వాలు తీశాడు. చేతిలో పెట్టబోతే ఎర్రన్న పుచ్చుకోలేదు.

"నువ్వే ఊపు. దండం మాత్తరం బోటొచ్చినాక ఎట్టుకో."

తుఫాను వెలిశాక బస్సెక్కి వెళ్లిపోయాడు. వేరే ఏదో రేవు పేరు చెప్పాడు. అక్కడా ఇదే ఆచారమట.

ఇప్పుడు ఈ రేవులో దండాలన్నీ బోటు ఇసుకెక్కాకే. ఏడాది గడిచినా ఒక్క బోటూ తిరగబడలేదు. నరసింగరావు కళ్లు పెద్దవి చేసుకుని నిలబడితే పిల్లలు నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు.

మొన్న నరసన్నపేట సంతలో ఎండుచేపలమ్మే కూర్మమ్మకు గున్నమ్మ ఈ సంగతంతా గొప్పగా చెప్పింది. కూర్మమ్మది ఇచ్ఛాపురం అవతలి రేవు. ఏటీనేదు అన్న పేరుకు అందరూ నవ్వుతారు, ఆమె నవ్వలేదు. ఆ మనిషి అసలు పేరేమిటని అడిగింది.

"ఎర్రన్న" అంది గున్నమ్మ.

కూర్మమ్మ చేతిలో చేప బుట్టలో పెట్టేసింది.

"మా రేవు గంగమ్మకి ముప్పై ఏల్లు పూజారి ఆయినే, తువ్వాలూపీవోడూ ఆయినే, కొడుకు బోటొచ్చిన్రోజున దండం ఎట్టుకోనాకి కల్లు మూసుకున్నాడు."