చిమ్మని ఇల్లు

మదనపల్లెలోని తాజుద్దీన్ అంగట్లో, వైరు లేని వాక్యూమ్ క్లీనర్లను హేమావతి ఒక్కొక్కటే ఎత్తి చూసింది.

“ఇది చీపురు లెక్క కాదు గదప్పా?”

“యాలమ్మా అట్లడుగుతావు?”

“మా ఆయన కుప్పానికి పొయ్యుండాడు. చేరినట్టు ఫోన్ వచ్చేదాకా ఇల్లు చిమ్మకూడదు గదా. పాపేమో దుమ్ముకు దగ్గుతాండాది.”

“సాయంత్రానికి చేస్తాడులేమ్మా,” తాజుద్దీన్ నవ్వాడు.

ఆమె సంచిలోంచి పొట్లం తీసి విప్పి, తన ఇంటి దుమ్మును బల్ల మీద పెట్టింది. “దీన్ని పీలుస్తుందేమో సూడు.”

ఆ దుమ్ము రాలలేదు. ఏళ్ల తరబడి చిమ్మనట్టు, పాత బొంత ముక్కలా మందంగా పేరుకుని ఉంది.

అతని నవ్వు ఆగిపోయింది. “ఇది చీపురు కాదులేమ్మా,” అన్నాడు మెల్లగా. “దోషం లేదు.”

“అట్లయితే దుమ్ము నిండే డబ్బా పెద్దగా ఉండేది సూపించప్పా. ఆయనొచ్చేదాకా పారబొయ్యను.”