ముందు సీట్లో వాగుడుకాయ

వ్యాను తాళం తిప్పగానే లక్ష్ముడు తుమ్మాడు.

వెనక సీట్లోంచి పెళ్లికొడుకు నాయనమ్మ అప్పయమ్మ ఆపమంది. అందర్నీ కిందికి దింపి, తలో గుక్కెడు మంచినీళ్లు తాగించి, కాసేపు అరుగు మీద కూర్చోబెట్టి మళ్లీ ఎక్కించింది.

లక్ష్ముడు తాళం తిప్పాడు. మళ్లీ తుమ్మాడు.

నిశ్చితార్థం కొయ్యూరు దగ్గర అమ్మాయి వాళ్ల ఊళ్లో. ముహూర్తం మధ్యాహ్నం లోపే. నర్సీపట్నంలో వీధి మలుపే దాటకపోతే ఇక కొండెక్కేదెప్పుడు?

పాపం, లక్ష్ముడు కావాలని తుమ్మాడా? జీడిమామిడి పూతకొచ్చిందంటే చాలు, అతని ముక్కు కట్టెయ్యని కుళాయి. డాక్టరు ముక్కులో కొట్టుకునే మందిచ్చి, దీంతో మత్తు రాదుగానీ రోజూ కొట్టుకుంటేనే పని చేస్తుందని చెప్పాడు. లక్ష్ముడు తుమ్ములొచ్చిన రోజు మాత్రం కొట్టుకుని, దండగ మందని అటక మీద పడేశాడు.

తుమ్మితే ఊడిపోయే ముక్కు ఎన్నాళ్లుంటుందని సామెత. ఆ పొద్దున ఊడేలా ఉన్నది ముక్కు కాదు, కిరాయి.

మూడో తుమ్ముకు అప్పయమ్మ తేల్చేసింది.

"తుమ్ములైనా ఆపు, నేకపోతే డ్రైవర్నైనా మారుస్తాం."

అబీద్ సెంటర్లో మందుల షాపు ముందు బండి ఆపి లక్ష్ముడు తుమ్ములకు మాత్ర అడిగాడు. మత్తొస్తుంది, రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమన్నాడు షాపాయన. లక్ష్ముడు బుద్ధిగా తలూపి అక్కడే మింగేశాడు. ఒకటి చాలదేమోనని ఇంకోటీ మింగాడు.

పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డ ముసలాయన అతన్నే చూస్తున్నాడు.

"ఎటెల్తన్నావు బాబూ?"

కొయ్యూరు వైపన్నాడు లక్ష్ముడు.

"నానూ వస్తాను."

తుమ్మేవాడి పక్కన కూర్చోవడం ఇష్టంలేక పెళ్లివారు ముందు సీటు వదిలేశారు. ముసలాయన అందులో ఎక్కి కూర్చున్నాడు.

కొంతదూరం పోయేసరికి తుమ్ములు ఆగాయి. అప్పయమ్మ శాంతించింది. అప్పుడు మొదలైంది ముసలాయన నోరు.

పేరేటన్నాడు. ఊరేటన్నాడు. మీ వైపు చెరుకు ఎప్పుడు నరుకుతారన్నాడు. చెప్పింది విన్నాడో లేదో, మళ్లీ అదే అడిగాడు. జవాబు ఆలస్యమైతే భుజం తట్టేవాడు. కిటికీ అద్దం దించితే చలిగాలి రివ్వున కొట్టింది. అప్పయమ్మ ఎత్తించింది. ఆయన మళ్లీ దించాడు.

లక్ష్ముడికి ఒళ్లు మండింది. ఊరికే ఎక్కినవాడు నోరు మూసుకుని కూర్చోవచ్చు కదా! అసలే కళ్లు బరువెక్కుతున్నాయి, పైగా చెవి దగ్గర ఈ జోరీగ.

ఘాట్ రోడ్డు మొదట్లో టీ బడ్డీ కనిపించగానే ముసలాయన ఉన్నట్టుండి స్టీరింగ్ పట్టుకున్నాడు.

"ఆపు బాబూ. కాసేపు తొంగో."

బండి అటూ ఇటూ ఊగింది. వెనకవాళ్లు కెవ్వుమన్నారు. లక్ష్ముడు బ్రేకు తొక్కాడు.

ముసలాయన వెనక్కి తిరిగి, డ్రైవరుకు మత్తుగా ఉంది, కాస్త కునుకు తీయనివ్వండని బతిమాలాడు. లక్ష్ముడికి రోషం పొడుచుకొచ్చింది. ఈ దారిలో కళ్లు మూసుకుని నడపగలను, నాకు నిద్రేమిటన్నాడు. ముహూర్తం దాటిపోతోందన్నాడు పెళ్లికొడుకు.

అప్పయమ్మ మర్యాదగానే ఆయన్ను దిగమంది.

దిగాడుగానీ తలుపు వదల్లేదు.

"నన్నుండనీయమ్మా. నాను మాటాడతానే ఉంటాను."

"మీ మాటలకో దండం బాబూ. బేగి తలుపెయ్యండి."

ఆయన చేతిలోంచి తలుపు లాగేసుకుని లక్ష్ముడు బండి పోనిచ్చాడు.

ఎంత హాయి! మాటల్లేవు, భుజం మీద చెయ్యి లేదు. అద్దాలు ఎత్తేశారు. బండిలో వెచ్చగా ఉంది. వెనకవాళ్లు తాంబూలాల పళ్లెం ఎవరు పట్టుకోవాలో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు మెల్లగా దూరమయ్యాయి.

ఒక మలుపు తిరిగింది.

రెండో మలుపులో అప్పయమ్మ కేక పెట్టింది.

లక్ష్ముడు కళ్లు తెరిచేసరికి ఎదురుగా రోడ్డు లేదు. అద్దం నిండా ఆకాశమే. రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బండి గట్టు రాయికి గుద్దుకుని, ముందు చక్రం ఒకటి గాల్లో తిరుగుతుండగా ఆగింది. కింద లోయ.

ఎవరూ కదల్లేదు. తర్వాత ఊపిరి బిగబట్టి ఒక్కొక్కరే వెనక తలుపులోంచి దిగారు. అప్పయమ్మ మనవణ్ణి కావలించుకుని రోడ్డు మీదే కూలబడింది. ముహూర్తం మాట ఆవిడ ఎత్తలేదు.

"ఆ బాబుని పిలుసుకు రా," అంది ఏడుస్తూ.

లక్ష్ముడు కిందికి పరుగెత్తాడు. ఇప్పుడు తెలిసొచ్చింది. తన తల వాలినప్పుడల్లా భుజం మీద చెయ్యి పడింది. తన దగ్గర మాట ఆగినప్పుడల్లా ఒక ప్రశ్న వచ్చింది. ఆయన కాళ్లు పట్టుకోవాలి, అంతే.

టీ బడ్డీ దగ్గర బల్ల ఖాళీగా ఉంది.

బడ్డీ నడిపే కామమ్మని అడిగితే, ఇప్పుడే నర్సీపట్నం బస్సెక్కి వెళ్లిపోయాడంది. రొప్పుతూనే లక్ష్ముడు ఆయన ఎవరని అడిగాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడని, తామే విసుక్కుని దింపేశామని చెప్పాడు.

కామమ్మ గ్లాసులు కడగడం ఆపేసింది.

"ఆయన మాటాడేడా?"

లక్ష్ముడు తలూపాడు.

"తుమ్ములకి మాత్రేసుకుని బండి తోలి, పై మలుపులో పోయిన కుర్రోడి తండ్రి బాబూ ఆయన," అంది కామమ్మ. "ఆ దినం పక్క సీట్లో కూకుని, కొడుకుతో ఒక్క మాటైనా ఆడకుండా నిద్దరోయేనని, అప్పట్నించీ ఎవుల్తోనూ నోరిప్పడు."