హీటర్ టైమర్

"మార్చమంటే మారుస్తాను. కానీ ఈ టైమర్ ఓకే. దీంట్లో లోపమేమీ లేదు," అన్నాడు ఎలక్ట్రీషియన్ లిమ్, బాత్రూం బయటి గోడకున్న పెట్టె మూత విప్పి చూస్తూ.

"లోపం లేకపోతే హీటర్ మధ్యాహ్నాలు ఎందుకు పనిచేస్తోంది అంకుల్? నేను పొద్దున అయిదు నుంచి ఆరు వరకే పెట్టాను. నిన్న ఆఫీసు నుంచి వచ్చి కుళాయి తిప్పితే ఇదిగో, ఇలా అయింది." ఉదయశ్రీ అరచేతిలోని బొబ్బ చూపించింది.

లిమ్ టైమర్ పక్కనున్న చిన్న మీటను వేలితో తట్టాడు. "దీన్ని పైకి తోస్తే టైముతో పనిలేదు. కిందికి లాగేదాకా హీటర్ ఆగదు. ఎవరో తోస్తున్నారు."

ఉదయశ్రీ మనసులో లెక్క వేసుకుంది. భర్త చక్రధర్ ఎనిమిదింటికల్లా రాఫెల్స్ ప్లేస్‌లోని సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్ళిపోతాడు. ఆ వెనకే తనూ బయలుదేరుతుంది. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు సరోజిని ఒక్కరే.

సరోజిని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

"అత్తయ్యా, ఆ మీట మీరు తోశారా?"

"ఏమోనమ్మా. తోశానేమో."

"ఎందుకు?"

"గుర్తు లేదు."

పక్క బ్లాకులో ఉండే తారాదేవి ఆంటీకి కూడా ఇలాగే మొదలైంది. ముందు స్టవ్ ఆర్పడం మరిచిపోయేది. ఇప్పుడు కన్నకూతుర్ని చూసి ఎవరమ్మా నువ్వు అంటోంది.

"మీట లేని టైమర్ పెట్టండి అంకుల్," అంది ఉదయశ్రీ.

"మీట ఉన్నదే ఉండనియ్యమ్మా," అంది సరోజిని గబుక్కున. కోడలు తిరిగి చూసేసరికి తల దించుకుంది.

పావుగంటలో లిమ్ పని ముగించి వెళ్ళిపోయాడు. ఉదయశ్రీ అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, ఇవాళ ఏం వారం?"

సరోజిని గోడ గడియారం వైపు చూసింది. పన్నెండున్నర కావస్తోంది. "నీకు ఆఫీసు ఆలస్యమవుతుంది. బయలుదేరమ్మా."

"ఇవాళ సెలవు పెట్టాను. చెప్పండి, ఏం వారం?"

"బుధవారమో, గురువారమో. నువ్వు వెళ్ళు తల్లీ. నాకేం కాలేదు."

మంగళవారం. ఉదయశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దావిడ చేతులు పట్టుకుంది.

"భయపడకండి. మొదట్లోనే చూపిస్తే మందులున్నాయట. మీ అబ్బాయికి ఫోన్ చేస్తాను. ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వాడికి చెయ్యకు." సరోజిని కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నేను డాక్టరు దగ్గరికి వస్తాను. ఎన్ని పరీక్షలంటే అన్ని చేయించుకుంటాను. నాకు మతిమరుపేనమ్మా, ఒప్పుకుంటున్నాను. వాడికి మాత్రం ఫోన్ చెయ్యకు. పద, ఇప్పుడే వెళ్దాం. చెప్పులేసుకో."

ఆవిడ లేచి తలుపు వైపు రెండడుగులు వేసిందో లేదో, బయటి నుంచి ఎవరో తాళం తిప్పారు.

చక్రధర్. టై వదులైపోయి, చొక్కా చెమటకి వీపుకంటుకుపోయి ఉంది. గుమ్మంలోనే వంగి, బూట్లు విప్పుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

"అమ్మా, కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టావా? ఇవాళ తిరిగిన రెండు కంపెనీల్లోనూ ఉద్యోగాల్లేవన్నారు."